పెద్దకోడలికి అంబలి అభిషేకం

మా మేనత్తది చిత్తూరు దగ్గర పల్లె. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకని తిరుపతి వచ్చి మా ఇంట్లో వారం ఉంటుంది. అమ్మవారికి పొంగలి పెట్టుకోవడానికి వస్తానంటుంది. మా టీవీ వాళ్లింటి టీవీ కంటే పెద్దదన్న సంగతిని కూడా లెక్కలో వేసుకోవాలని నా అనుమానం. సాయంత్రం ఏడున్నరకు రిమోట్ ఆమె చేతికి వెళ్లిందంటే మా ఇంట్లో క్రికెట్ లేదు, వార్తలు లేవు.

అత్త సీరియల్ ఊరికే చూడదు, విచారణ జరుపుతుంది. ప్రస్తుతం ముద్దాయి ఏడున్నర సీరియల్లోని పెద్దకోడలు.

"మనిషన్నాక మారతాడబ్బా, కాదనను. జబ్బు చేసి మంచాన పడితే మారతాడు. అప్పులపాలైతే మారతాడు. కూతురికి పెండ్లి చేసినాక మారతాడు. ఈళ్లేంది, సబ్బు ప్రకటన అయిపోయేలోగా మారిపోతారు?" అని అడుగుతుంది. అడిగేది నన్ను కాదు, టీవీని. "శనివారం ఏడ్చి అత్తకాళ్లు పట్టుకునింది. సోమవారం మళ్లీ పాలల్లో మందు కలపతా ఉంది. మధ్యలో ఉండేది ఒక్క ఆదివారం. ఆ ఆదివారం ఏం జరిగిందో చూపించరేమి?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అదే సీరియల్లో ఒకరోజు కింద అక్షరాలు వేసి, చిన్నకోడలి పాత్రలోకి వేరే నటిని దింపారు. ఇంట్లో ఒక్కరూ తేడా పసిగట్టలేదు, ఆఖరికి మొగుడు కూడా. పెళ్లాం ముఖమే మారిపోతే గుర్తుపట్టని ఆ మహానుభావుడు, ఆమె హ్యాండ్‌బ్యాగులో బస్సు టికెట్టు దొరికిందని మాత్రం మూడు వారాలు అనుమానించాడు.

సాగదీత విషయంలో అత్తకు కొలబద్దలున్నాయి. 1987లో దూరదర్శన్‌లో మొదలైన రామాయణం 78 ఎపిసోడ్లలో పూర్తయింది, పట్టాభిషేకంతో సహా. ఏడున్నర సీరియల్లో అత్తగారి నడుమున ఉన్న తాళాలగుత్తి కోడలి నడుముకు చేరడానికే అంతకంటే ఎక్కువ పట్టింది. 'కార్తీకదీపం' మాటెత్తితే మాత్రం అత్త మెత్తబడుతుంది. 2017లో మొదలై 2023 దాకా నడిచిన ఆ సీరియల్లో, ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయే అనుమానాన్ని డాక్టర్‌బాబు ఏళ్ల తరబడి మోశాడు. ఊళ్లో అందరూ నవ్వుకున్నా అత్త ఒప్పుకోదు. "అనుమానం ఉన్న మొగోడు పరీక్షలు చేయించుకోడురా, పెండ్లాన్ని సతాయిస్తాడు. అది నిజం. వంటలక్క కూడా మొదటినుంచి చివరిదాకా వంటలక్కే" అంటుంది. విమర్శకులు వినదగిన మాటే.

ఇక జాతర. తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో వేషం వేసుకుని ఊరంతా వెతికిందని కథ. అందుకే జాతర వారంలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, ఇలా రోజుకొకటి వేస్తారు. దాక్కున్న పాలెగాడు దొర వేషం చూసి బయటికొస్తాడు, తల తెగుతుంది. మర్నాడు మాతంగి వేషంలో వెళ్లి, వాడి భార్యనే ఓదారుస్తుంది అమ్మవారు. నరికిన చేత్తోనే కన్నీళ్లు తుడవడం! పాత్ర మలుపంటే అదీ. అదీ వారంలోపల. ప్రకటనలు కూడా లేవు.

మొక్కుకున్న మగవాళ్లు చీరకట్టి, జడవేసి, పూలుపెట్టి అమ్మవారి గుడికి వెళ్తారు. వేషాలవాళ్లు బూతులు తిట్టినా ఎవరూ కోపగించుకోకూడదు, ఆనవాయితీ.

మా ఎదురింటి పిల్లోడు సెల్‌ఫోన్ రిపేరు షాపులో పనిచేస్తాడు. బైకు మీంచి పడి కాలు విరిగినప్పుడు వాళ్లమ్మ మొక్కుకుంది, ఈసారి చీర కట్టాడు. కట్టినవాడు మామూలుగా కట్టలేదు. పక్కకు దించిన కొప్పు, చెవిదాకా లాగిన కాటుక, ఒకటే పైకి లేచిన కనుబొమ్మ, నడుముకు తాళాలగుత్తి. అచ్చం పెద్దకోడలు. చీర మాత్రం మా ఆవిడ అరువిచ్చిన వెంకటగిరి పట్టుచీర.

జాతర రోజు పొద్దున అత్త మా గేటు దగ్గర తపేలా పెట్టుకుని వచ్చేపోయేవాళ్లకు రాగి అంబలి పోస్తోంది, మజ్జిగ కలిపి, చిన్న ఉల్లిపాయలు తరిగి వేసి. వీడు వయ్యారంగా రోడ్డు దాటి వచ్చి, ఆ కనుబొమ్మ ఇంకాస్త ఎగరేసి, తాళాలు గలగలలాడించి, "ఈ ఇంట్లో నా మాటే చెల్లాలి అత్తయ్యగారూ" అన్నాడు.

అత్త చెంబు కిందకు దించింది. "వచ్చినావా తల్లీ, నీకోసమే చూస్తా ఉండాను" అంది, చాలా ప్రశాంతంగా. ఆ తర్వాత చెంబెడు అంబలి పిల్లోడి కొప్పు మీద పడింది.

"పసిబిడ్డ పాలల్లో ఏం కలిపినావే? మామ సంతకం ఎవరితో పెట్టించినావే?" అని మొదలుపెట్టింది. వీధిలో ఆడవాళ్లందరూ ఏడున్నర సీరియల్ చూసేవాళ్లే. ఇస్త్రీ బండి ఆమె వచ్చి "చిన్నకోడలి నల్లపూసలు యాడ దాచినావో చెప్పు ముందు" అని నిలదీసింది. అటుగా పోతున్న డప్పులవాళ్లు ఇదీ వేషంలో భాగమే అనుకుని ఆగిపోయి, ఒక్కో నేరానికి ఒక్కో దెబ్బ వేయడం మొదలుపెట్టారు.

"అవ్వా, నేనవ్వా! ఎదురింటి పిల్లోణ్ణి" అంటూ వాడు విగ్గు పీకి చూపించాడు.

"మొన్న డాక్టరమ్మ వేషంలో ఆస్పత్రికి వచ్చింది నువ్వే కదా! ఇప్పుడు మగవేషమా?" అంది అత్త.

వాడికి దారి తోచక కాళ్ల మీద పడ్డాడు. "తప్పయిపోయింది, మారిపోయినాను" అన్నాడు.

"శనివారం కూడా ఇదే మాట అన్నావు" అంటూ అత్త మళ్లీ చెంబు ముంచింది.

రెండో చెంబుకు మా ఆవిడ అడ్డుపడింది. అప్పటికే వెంకటగిరి జరీ మీద రాగిపిండి, ఉల్లిపాయ ముక్కలు సర్దుకుని కూర్చున్నాయి. లోపలికి వచ్చాక, "అది పిల్లోడని నిజంగా తెలీలేదా అత్తా?" అని అడిగాను.

"ఎందుకు తెలీదు? మీసం గొరిగిన పచ్చదనం కనపడతానే ఉంది. అయినా టీవీని తిడితే అది వినదు కదరా. వీడైతే వింటాడు."

"మరి నా చీర?" అంది మా ఆవిడ.

"పిల్లోడని తెలుసు గానీ చీర నీదని తెలీదమ్మా" అంది అత్త, నిజాయితీగా.

మర్నాడు సాయంత్రం ఏడున్నరకు పిల్లోడు కూడా వచ్చి మా హాల్లో కూర్చున్నాడు. కాటుక ఇంకా పూర్తిగా పోలేదు. తెరమీద పెద్దకోడలు ఉన్నట్టుండి పూజగదిలో కుప్పకూలి, చేసిన పాపాలన్నీ ఒప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అత్త మావైపు గర్వంగా తిరిగి, "నిన్నటి తిట్లు తగిలినాయి" అంది.

"తిట్లు తిన్నది నేను, మారింది ఆమె, జీతం కూడా ఆమెకే" అని గొణిగాడు పిల్లోడు.

"తొందరపడాకు. సోమవారం కానీ" అంది అత్త, రిమోట్ ఒళ్లో పెట్టుకుంటూ.