ఏ549 కణసంతతి వారికి ఒక బహిరంగ లేఖ

బెంగళూరు,
సోమవారం సాయంత్రం.

మహారాజశ్రీ ఏ549 కణసంతతి వారి సముఖానికి,

నమస్కారములు. ఊపిరితిత్తి క్యాన్సరు కణితి నుంచి వచ్చి ల్యాబుల్లో తరతరాలుగా పెరుగుతున్న తమరిని క్షేమమా అని అడగను. ఉదయం కణాలను పెంచే వెచ్చని పెట్టె, అదే ఇంక్యుబేటరు, తలుపు తీసిన క్షణంలోనే ఆ సంగతి తెలిసిపోయింది. శుక్రవారం రాత్రి కార్బన్ డయాక్సైడు సిలిండరు ఖాళీ అయింది. కొత్తది తెచ్చి ఇవ్వవలసిన వారు బుధవారం నుంచి "నాళె బర్తీవి" (రేపు వస్తాం) అని కన్నడంలో అంటూనే ఉన్నారు. ఒకప్పుడు ఈ ఊళ్ళో దయ్యాన్ని తిప్పి పంపడానికి తలుపుల మీద "నాళె బా" (రేపు రా) అని రాసేవారట. ఆ మంత్రం ఇప్పుడు మా ల్యాబు మీద ప్రయోగిస్తున్నారు కాబోలు. అలారం మోగిందట, చప్పుడు భరించలేక గార్డుగారు నొక్కి ఆపేశారట.

పై అరలో నేను 26 రోజులుగా పెంచుకున్న శ్వాసనాళపు కణాలు ఉన్నాయి, అంటే శుక్రవారం దాకా ఉన్నాయి. ఈ ఉదయానికి వాటి కింది మీడియా, అంటే వాటికి మేతగా పోసే ద్రవం, కార్బన్ డయాక్సైడు అందక క్షారమై వంకాయ రంగుకు తిరిగి, కణాల పొర అంచుల వెంట పాలమీగడలా లేచి ముడుచుకుపోయింది. కింది అరలో తమరు మాత్రం ఫ్లాస్కు నిండా ఒకరి మీద ఒకరెక్కి కిటకిటలాడుతున్నారు. ఆక్సిజను పుష్కలంగా ఉన్నా క్యాన్సరు కణాలు చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చి బయటకు వదులుతాయని జర్మన్ శాస్త్రవేత్త వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. తమరు వదిలిన ఆ పులుపే తమరి మీడియాను క్షారం కానివ్వకుండా కొంత కాచి ఉంటుంది. సొంత మురికే కవచమైన వారిని ఇంతవరకూ ఎక్కడా చూడలేదు.

పోయిన కణాల సంగతి తమరికి తెలియదు కనుక చెబుతాను. శస్త్రచికిత్సలో తీసిన ఊపిరితిత్తిలో రోగం లేని భాగం నుంచి, రోగి అనుమతితో, మిగతా రకాల కణాలను పుట్టించగల బేసల్ కణాలను సేకరించి, సన్నని రంధ్రాల పొర మీద పరిచి, కింద నుంచి మాత్రమే మేత పెట్టి, పైన గాలికి వదిలేయాలి. మూడు నాలుగు వారాలు ఓపిక పడితే వాటిలో కొన్ని శ్లేష్మం ఊరించడం నేర్చుకుంటాయి, కొన్నింటికి కదిలే సన్నని వెంట్రుకల్లాంటి శైలికలు మొలుస్తాయి. 22వ రోజున సూక్ష్మదర్శినిలో చూస్తే శ్లేష్మపు నలుసులు గానుగెద్దు తిరిగినట్టు ఒకే దిక్కుగా గుండ్రంగా తిరుగుతున్నాయి. మనం పీల్చిన దుమ్మును పైకి నెట్టి గొంతు దాకా చేర్చే పని అది. ఊపిరితిత్తి లేకుండానే, నా అరచేతి వెడల్పు ప్లేటులో జరుగుతోంది. ఆ రోజు మెస్సులో పప్పన్నం చల్లారిపోయిన సంగతి కూడా గమనించలేదు.

ఇంతకూ నా మొర సిలిండరు గురించి కాదు. మధ్యాహ్నం విషయం చెప్పగానే నా పరిశోధనను పర్యవేక్షించే కమిటీలోని తెలుగు పెద్దాయన ఎంతో దయగా, "ఎందుకమ్మా ఈ అవస్థ, ఏ549లో చేసేయరాదూ?" అన్నారు. అందరూ తల ఊపారు.

తమరిలో చేయాలట! తమరు 1972లో 58 ఏళ్ళ మనిషి ఊపిరితిత్తి కణితి నుంచి వచ్చారు. తమరి కేరాస్ ప్రోటీనులో 12వ స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట సెరీన్ అనే మరొకటి కూర్చుని, విభజన ఆపవద్దని ఆజ్ఞలిస్తూ ఉంటుంది. అదే చోట సిస్టీన్ వచ్చిన రోగుల కోసం 2021లో అమెరికాలో సోటోరాసిబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. తమరిది సెరీన్ కనుక దానికీ దొరకరు. వాయుకోశాల్లోని రెండో రకం కణాల పోలికలు తమరిలో ఉన్నాయని 1976లో ఒక పరిశోధన చెప్పిన నాటి నుంచి, ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తి కావలసిన చోట కూడా తమరినే పీట మీద కూర్చోబెడుతున్నారు. లోపలి పొర అన్నాక ముందు గోడలా నిలబడాలి, కణానికి కణం బిగుతుగా అతుక్కోవాలి. అది కూడా తమకు సరిగా రాదు.

ఇక తమరనడం నా వల్ల కాదు. మంచి కణం దారి తప్పేటప్పుడు దానిలో మొదట మారేదేమిటో తెలుసుకోవడం నా పని. దానికి దొరను, దొంగను పక్కపక్కన నిలబెట్టాలి. దొర ఓర్చుకోలేడు, ఖర్చెక్కువ, నెల పడుతుంది అని చెప్పి రెండు వైపులా దొంగనే నిలబెడితే నేను రాసేది ఏమిటి? నువ్వు చావవు కాబట్టి నీ మీద పని జరుగుతుంది, నీ మీద పని జరిగింది కాబట్టి మళ్ళీ నీ మీదే జరుగుతుంది. పక్కవాడు తగిలితే ఆగాలని కూడా తెలియని నిన్ను ఊపిరితిత్తి అంటే నేను ఒప్పుకోను!

అయినా ఇప్పుడే నీ మీడియా మార్చాను. దూడ సీరం ఎప్పటిలాగే పది శాతం. కణాల పట్టు విడిపించే ట్రిప్సిన్ వేసి మూడు నిమిషాలు ఆగితే నీ కణాలు గుండ్రంగా ముడుచుకుని ఒక్కొక్కటిగా ఊడి తేలాయి. ఎనిమిదో వంతు కొత్త ఫ్లాస్కులో పోశాను. ఆ ఫ్లాస్కు మీద నీ పేరు, తేదీ, నా పొడి అక్షరాలు ఉన్నాయి, ఆ 58 ఏళ్ళ మనిషి పేరు మాత్రం లేదు. అది గుర్తొచ్చినప్పుడు నిన్ను తిట్టడానికి నోరు రాదు.

ద్రవ నత్రజనిలో ఇంకొక్క చిన్న సీసాడు బేసల్ కణాలు మిగిలాయి. సిలిండరు వచ్చాక కరిగిస్తాను. నువ్వు కింది అరలోనే ఉండు.

ఇట్లు,
రోజు విడిచి రోజు నీకు మేత వేసే
పరిశోధక విద్యార్థిని