అరక విప్పకండి!

ఉద్యోగంలో ఎదగాలంటే గంటలు లెక్కపెట్టకూడదన్నది మా మేనేజర్ గారి సిద్ధాంతం. ఆయనకు పెద్దల మద్దతూ ఉంది. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు పాట మొదలుపెట్టారు. 2025 జనవరి కల్లా ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90కి పాడారు. వారంలో 168 గంటలే ఉండబట్టి గానీ, లేకుంటే ఈ వేలం ఇప్పట్లో తెగేది కాదు.

ఆ సిద్ధాంతం నమ్ముకుని, ఒంగోల్లో మా ఇంటి వసారాలో కూర్చుని బెంగళూరు కంపెనీకి రోజూ పద్నాలుగు గంటలు పనిచేస్తున్నాను. రెండేళ్లలో కుర్చీకి గుంట పడింది, నాకు పొట్ట వచ్చింది. ప్రమోషన్ మాత్రం ఆరింటికల్లా లాప్‌టాప్ మూసేసే కుర్రాడికి వచ్చింది. అదేంటి సార్ అంటే, "నిన్ను పైకి పంపిస్తే ఈ పనంతా ఎవరు చేస్తారయ్యా?" అన్నారు. ఇంత మెప్పు ఎంతమందికి దక్కుతుంది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలే అంది, అదనంగా చేస్తే రెట్టింపు కూలి ఇవ్వమంది. అది కార్మికులకు. మమ్మల్ని కుటుంబ సభ్యులంటారు. ఇంట్లోవాళ్లకు ఓవర్‌టైమ్ ఎవరిస్తారు?

వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు, 35-40 గంటలు చేసేవాళ్లకంటే 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తేల్చాయి. 35 శాతం! మా ఆఫీసులో అంత హైక్ ఇంతవరకూ ఎవరికీ పడలేదు.

మా అమ్మకు ఇవేవీ ఎక్కవు. రాత్రి పదకొండింటికి కంచం తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏందిరా ఈ చాకిరీ? ఎద్దుకైనా ఎండెక్కితే అరక విప్పుతారు గదరా!" అంటుంది. సేద్యం చేసిన మనిషి, ఆలోచనలు పాతవి.

ఎద్దు అంది కాబట్టి ఎద్దుతోనే జవాబు చెప్పాను. మన ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దంలోనే ఓడెక్కి బ్రెజిల్ వెళ్లాయి. అక్కడ వాటిని 'నెలోర్' అంటారు, మన నెల్లూరే. ఇప్పుడా దేశపు పశువుల్లో ఎక్కువ భాగం ఆ సంతతే. కష్టపడే జాతి కాబట్టేగా అమ్మా, అంత దూరం ఆన్‌సైట్ పిలిచారు?

"అయితే అక్కడ ఎండలో దున్నుతున్నాయా?"

"లేదు. బయళ్లలో మేయడమే పని."

"ఊరికే మేపుతారా? మరి దేనికిరా పెంచేది?"

మాంసానికని చెప్పబోతుంటే ఫోన్ మోగింది. మేనేజర్ గారు. నన్ను ఆన్‌సైట్ పంపే విషయం మాట్లాడాలట.