రాజు ఓడిపోయాడట!

వుహాన్‌లోని హుబెయ్ మ్యూజియం. మోకాళ్ళు పట్టేశాయంటూ అమ్మ బెంచీ మీద కూలబడింది. ఎదురుగా గాజుపెట్టెలో ప్రాచీన చైనాలోని యువె అనే రాజ్యాన్నేలిన రాజు గోజియన్ కంచు కత్తి, రెండున్నర జానలు ఉంటుందేమో, ఇప్పటికీ మెరుస్తోంది. నాన్న ఫోన్‌లో ఆయన కథ పైకి చదువుతున్నారు. నిన్నంతా అమ్మ రాజు మావయ్యతో అపార్ట్‌మెంట్ ఎలక్షన్ గురించే మాట్లాడింది.

నాన్న: పాపం, రాజు ఓడిపోయాడట.

అమ్మ: అయ్యో! ఓట్లు ఆదివారం కదండీ?

నాన్న (తల ఎత్తకుండా): మిగిలిన 5,000 మందితో కొండెక్కి కూర్చున్నాడు.

అమ్మ: ఓడిపోయినవాడికి కొండేమిటి, గెలిస్తే కదా మొక్కు! అంతమందిని తీసుకెళ్ళాడు, అక్కకి ఒక్క మాట చెప్పలేదు చూడండి. గుండైనా చేయించుకున్నాడా?

నాన్న: చుట్టూ శత్రువులుంటే గుండెందుకే?

అమ్మ: ఆ బి బ్లాకు వాళ్ళేగా. నాకు ముందే తెలుసు.

నాన్న: ఇక దిక్కులేక ఆ గెలిచినవాడి దగ్గరే చాకిరీకి చేరాడు. మూడేళ్ళు గుర్రాలు మేపాడట.

అమ్మ: మూడేళ్ళా? మొన్న శ్రావణ శుక్రవారం వచ్చి పది గారెలు తిన్నాడే! అయినా వాడికి కుక్కపిల్లంటేనే భయం.

నేను కల్పించుకోవాల్సింది ఇక్కడే. కానీ ఇలాంటివి ఆపితే పాపం తగులుతుంది.

నాన్న: ఇంటికొచ్చాక పరుపు మానేసి కట్టెపుల్లల మీద పడుకునేవాడట. కూర్చునే చోట పిత్తాశయం వేలాడదీసి, అన్నం ముందు దాన్ని నాకేవాడట, జరిగిన అవమానం మర్చిపోకుండా.

అమ్మ: షుగరొచ్చిందన్నమాట! కాకరకాయ రసం తాగరా అంటే వినలేదు. ఇప్పుడు పిత్తం నాకుతున్నాడు.

నాన్న: తనే పొలం దున్నేవాడు. ఆవిడ మగ్గం నేసేది.

అమ్మ ఆగిపోయింది.

అమ్మ: మా మరదలా? చీరకి ఫాల్ కుట్టుకోని మనిషి మగ్గం నేసిందా? ఏవండీ, మీరు చెప్పేది ఏ రాజు సంగతి?

నాన్న: గోజియనే! క్రీ.పూ. 496లో గద్దెనెక్కాడు. నువ్వెవరనుకున్నావు?

అమ్మ: నేనేం అనుకోలేదు.

నాన్న: మీ తమ్ముడనుకున్నావు! వాడు గుర్రాలు మేపడమా! 1994లో నా స్కూటరిస్తే కల్వర్టుకి గుద్ది, హెడ్‌లైటు చేత్తో పట్టుకొచ్చాడు.

అమ్మ: అదిగో. ఆయన పిత్తం నాకాడు, మీరు ఆ హెడ్‌లైటు నాకుతున్నారు. రోజూ, అన్నం ముందు.

నాన్న: ఆయన నాకి ఊరుకోలేదే. క్రీ.పూ. 473కి శత్రువు రాజ్యం మొత్తం తుడిచిపెట్టాడు.

అమ్మ: ఓడిన ఇరవై ఏళ్ళకి తేల్చేశాడు. మీకు ముప్పై దాటింది, స్కూటరు కూడా అమ్మేశారు.

నాన్న: నీ రాజు అంత బంగారమేం కాదు. గెలిచాక, ఎత్తులు చెప్పిన మంత్రికే కత్తి పంపాడు, పొడుచుకుని చావమని.

అమ్మ: అమ్మో! ఇదేనా ఆ కత్తి?

నాన్న: కాదు. దీని మీద ఎనిమిది అక్షరాలున్నాయి. యువె రాజు గోజియన్ తన వాడకానికి చేయించుకున్న కత్తి అని. కానీ 1965లో దొరికింది వాళ్ళ రాజ్యంలో కాదు, ఇక్కడే హుబెయ్‌లో, చూ రాజ్యం వాళ్ళ సమాధిలో.

అమ్మ: పేరు కొట్టించినా ఊరు దాటేసిందన్నమాట. మీ చెల్లెలింటికి వెళ్ళిన నా ఆరు స్టీలు గిన్నెల్లాగే.

నాన్న దగ్గర దీనికి జవాబు లేదు. ఫ్లాస్కు మూతలోకి వేడినీళ్ళు వంచి, రెండుసార్లు ఊది అమ్మ చేతికిచ్చారు.

నాన్న: తాగు. మోకాలెలా ఉంది?

అమ్మ: మీరు నోరు మూశాక కాస్త నయం.

అంటూనే సంచీలోంచి నాన్నకని దాచిన జంతిక తీసింది. రెండో చేత్తో ఫోన్ కలిపింది.

అమ్మ: ఒరేయ్ రాజూ, ఓడిపోతే ఓడిపోయావు గానీ పరుపు మీదే పడుకోరా, నడుం పట్టేస్తుంది... ఏమో, మీ బావగారే చెప్పారు!

నాన్న (జంతిక నములుతూ): హెడ్‌లైటు సంగతి కూడా అడుగు.