ఎవరు చెప్పినా వినే పీఎల్‌సీ

విద్యుత్ కేంద్రాల సైబర్ భద్రత అనగానే చర్చ వైరస్‌ల మీదకు మళ్లుతుంది. అసలు లోపం అంతకన్నా పాతది. కరెంటును కలిపే, తెంచే బ్రేకర్లను, వాల్వులను నడిపే చిన్న కంప్యూటర్లు, అంటే పీఎల్‌సీల వంటి కంట్రోలర్లలో చాలావాటికి, ఆదేశం ఎవరిచ్చారని అడిగే అలవాటే లేదు.

ఈ కంట్రోలర్లకు ఆదేశాలు పంపే భాషల్లో ఒకటైన, 1979 నాటి మాడ్‌బస్‌నే చూడండి. ఈథర్‌నెట్ మీద 502 పోర్టులో నడుస్తుంది. ఒక కాయిల్‌ను, అంటే పీఎల్‌సీలోని ఆన్/ఆఫ్ అవుట్‌పుట్‌ను, ఆన్ చేసే సందేశం మొత్తం 12 బైట్లు: ఏడు బైట్ల హెడర్, ఏం చేయాలో చెప్పే ఫంక్షన్ కోడ్ 5, కాయిల్ అడ్రస్, విలువ. పాస్‌వర్డ్‌కు అందులో చోటే లేదు. పంపింది ఆపరేటరో, చొరబడినవాడో పీఎల్‌సీకి తెలియదు.

‘మా నెట్‌వర్క్‌కు ఇంటర్నెట్‌తో సంబంధమే లేదు’ అనే ధీమా ఇక్కడే ప్రమాదం. ఆఫీసుకు ఉత్పత్తి లెక్కలు పంపే హిస్టారియన్ సర్వర్, టర్బైన్ కంపెనీ దూరం నుంచి చూసుకునేందుకు పెట్టిన మోడెమ్, ఇంజినీర్ ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్... అన్నీ దారులే.

ఉక్రెయిన్‌లో 2015 డిసెంబరు 23న జరిగింది అదే. దుండగులు నెలల ముందే ఈమెయిల్ అటాచ్‌మెంట్‌తో పంపిణీ సంస్థల ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దిగారు. దొంగిలించిన పాస్‌వర్డ్‌లతో, దూరం నుంచి లోపలికి కలిపే వీపీఎన్ మీదుగా కంట్రోల్ రూమ్‌కు చేరారు. ఓటీపీ లాంటి రెండో తనిఖీ ఏదీ అడ్డురాలేదు. ఆపరేటర్ల కళ్లముందే మౌస్ బాణం దానంతటదే కదులుతూ బ్రేకర్లను తెరిచింది, అంటే కరెంటును తెంచింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఆపై కంట్రోల్ రూమ్ ఆదేశాలను సబ్‌స్టేషన్ పరికరాలకు చేర్చే సీరియల్-ఈథర్‌నెట్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌నూ (లోపలి సాఫ్ట్‌వేర్‌నూ) పాడుచేశారు. దూరం నుంచి బ్రేకర్లు మూసే వీలు లేక సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో మూశారు. కొన్ని గంటల్లోనే సరఫరా వచ్చిందంటే, చేత్తో నడపడం వాళ్లకు ఇంకా తెలిసి ఉండటం వల్లే. ఆటోమేషన్ వచ్చిందని ఆ సాధన మానేసిన కేంద్రాల గురించే నా భయం.

2017లో సౌదీ అరేబియాలోని పెట్రోకెమికల్ ప్లాంటులో, ప్రమాదం వస్తే ప్లాంటును ఆపే సేఫ్టీ కంట్రోలర్ కీ స్విచ్‌ను, మార్పులకు వీలిచ్చే ‘ప్రోగ్రామ్’ స్థానంలోనే వదిలేశారు. ట్రైటన్ మాల్‌వేర్‌కు అదే కలిసొచ్చింది. పని కాగానే ‘రన్’కు తిప్పి, తాళంచెవి తీసి షిఫ్ట్ ఇన్‌చార్జికి ఇవ్వాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఐటీ పద్ధతులు ఇక్కడ యథాతథంగా నడవవు. ప్యాచ్ వేయాలంటే చాలాసార్లు యూనిట్ ఆపాలి. స్కానర్‌తో తడిమితే పాత పీఎల్‌సీ హ్యాంగ్ కావచ్చు. అందుకే నెట్‌వర్క్ స్విచ్‌లో ట్రాఫిక్ నకలు ఇచ్చే మిర్రర్ పోర్టు నుంచి దాన్ని వినాలి. విలువలు మార్చే మాడ్‌బస్ రాత కోడ్‌లు 5, 6, 15, 16 ఏ ఐపీల నుంచి వస్తున్నాయో కొన్ని వారాలు గమనించాలి. మెయింటెనెన్స్ రోజులూ అందులో ఉండాలి, లేదంటే అవసరమైనదే ఆగిపోతుంది. హెచ్ఎంఐకి (ఆపరేటర్ తెరకు), ఇంజినీరింగ్ స్టేషన్‌కు తప్ప మిగతావాటికి ఫైర్‌వాల్‌లో రాత ఆపేయాలి. హిస్టారియన్‌కు చదివే కోడ్‌లు చాలు.

అయితే హెచ్ఎంఐనే చేజిక్కితే ఈ నియమం పనిచేయదు. అందుకే టర్బైన్ కంపెనీ లాంటి తయారీదారు లోపలికి వచ్చే లింకు కేబుల్ మామూలుగా ఊడదీసి ఉండాలి. వర్క్ పర్మిట్ ఉన్నప్పుడే పెట్టి, పని ముగియగానే తీసేయాలి.