ఆ రిపేరు షాపును మూయించండి

మా వీధి చివర వేపచెట్టు కింద ఉన్న మిక్సీ రిపేరు షాపును వెంటనే మూయించాలని ఈ వ్యాసం ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఇది వ్యక్తిగత కక్షతో రాస్తున్నది కాదు. దేశ ఆర్థిక వ్యవస్థ ఏమైపోతుందోనని నాలుగు రాత్రులు నిద్ర మాని ఆలోచించి, దానికి కాస్త వ్యక్తిగత కక్ష కూడా జోడించి రాస్తున్నది.

గొడవ మే నెలలో మొదలైంది. బెజవాడ ఎండలు, ఆవకాయ రోజులు. మామిడికాయ ముక్కలు కొట్టించి తెచ్చాం. కారం, ఉప్పు, నూనె సిద్ధం. ఆవపిండి మాత్రం ఇంట్లోనే ఆడించాలని అమ్మ పట్టుబట్టింది. రెండో వాయిలో మిక్సీ లోపల నిప్పురవ్వలు మెరిశాయి, కమురు వాసన వచ్చింది, ఆగిపోయింది. అమ్మ మిక్సీ వంక చూడకుండా నా వంక చూసింది. వంటింట్లో ఏది ఆగినా మగవాళ్ళు చేయగలిగిన సేవ ఒకటే: ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టడం. అది చేశాను. తర్వాత పక్కన రెండు దెబ్బలు కొట్టాను. నా డిగ్రీ అక్కడితో అయిపోయింది.

బాధ్యత గల పౌరుడిగా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే హిందీలో నమస్తే చెప్పారు. సీరియల్ నంబరు అడిగారు. అది మిక్సీ అడుగున స్టిక్కరు మీద ఉంటుందట. ఆ స్టిక్కరు ఏడేళ్ళుగా దోసెల పిండి తాగీ తాగీ ఎప్పుడో అక్షరాలు మరిచిపోయింది. పోనీ బిల్లుంది కదా అని తీశాను. అమ్మ దాన్ని బీరువాలో పట్టుచీర మడతల మధ్య భద్రంగా దాచింది. చీర చెక్కుచెదరలేదు. బిల్లు మాత్రం తెల్లకాగితమై కూర్చుంది. షాపులవాళ్ళు ఇచ్చే ఆ నున్నటి కాగితం మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. కొన్నాళ్ళకు అదీ వెలిసిపోతుంది. వారంటీ కంటే ముందు బిల్లు చచ్చిపోయే ఈ ఏర్పాటులో ఎంత ముందుచూపు ఉందో గమనించమని మనవి.

మూడో రోజు టెక్నీషియన్ వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విప్పాడు. మిక్సీని విప్పలేదు. వాసన చూసి "మోటారు పోయింది సార్" అన్నాడు. కొత్త మోటారు 2,650, విజిటింగ్ ఛార్జీ 350, మీద జీఎస్టీ. కొత్త మిక్సీయే 3,999కి వస్తుంది కదా, పాతది ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయండన్నాడు. పాత ఆర్‌ఓ వాటర్ ఫిల్టరుకు ఏఎంసీ, అంటే ఏడాది పొడవునా మరమ్మతులు చూసుకునే ఒప్పందం, తీసుకోమనీ అన్నాడు. నా కష్టం నేను చెప్పుకుంటే, నెలకు ఇన్ని ఏఎంసీలు చేయించకపోతే తన జీతంలో కోస్తారని తన కష్టం చెప్పాడు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. టీ ఇచ్చి పంపాను.

ఇక్కడివరకూ అంతా సవ్యంగానే జరిగింది. దేశం ముందుకు పోతోంది. బీసెంట్ రోడ్డుకు వెళ్ళి 1,000 వాట్ల కొత్త మిక్సీ చూసి, ఈఎంఐకి సంతకం పెట్టడమే తరువాయి. సరిగ్గా అప్పుడే అమ్మ ఆ పాతదాన్ని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లాడిని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, వేపచెట్టు కిందికి తీసుకెళ్ళింది.

అక్కడ "ఇచ్చట మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు, కుక్కర్లు, గ్యాస్ స్టవ్‌లు రిపేరు చేయబడును" అని బోర్డు ఉంటుంది. జీఎస్టీ నంబరు ఉండదు, టోకెన్ ఉండదు, ఏసీ అసలే ఉండదు. షాపాయన నాలుగు స్క్రూలు విప్పి, లోపలి నుంచి చిటికెన వేలి గోరంత నల్లటి ముక్కలు రెండు తీసి చూపించాడు. "కార్బన్లు అరిగిపోయాయమ్మా, మోటారు నిక్షేపంలా ఉంది." పెన్సిల్ ముల్లులాంటి ఆ కార్బన్లే తిరిగే మోటారుకు కరెంటు అందిస్తాయట. అరిగితే నిప్పురవ్వలు రాల్చి ఆగుతాయట. కొత్తవి వేసి, జారు కింద, మోటారు తిప్పుడును జారుకు అందించే కప్లరు కూడా మార్చి, మొత్తం 120 రూపాయలు తీసుకున్నాడు. అమ్మ 100 ఇస్తానంది. ఆయన సరేనన్నాడు.

నా బాధ అర్థమవుతోందా? 3,999 రూపాయల వ్యాపారాన్ని ఒక మనిషి వేపచెట్టు నీడలో స్క్రూడ్రైవర్‌తో కూర్చుని వందకు కూల్చేశాడు. ఈఎంఐ పోయింది, బ్యాంకుకు వడ్డీ పోయింది. మిక్సీ మోసుకొచ్చే కుర్రాడి ట్రిప్పు పోయింది. అట్టపెట్టె రాలేదు, దాంతో అటక మీద అట్టపెట్టెల సంఖ్య పెరగలేదు. 2018 జూలైలో మిక్సీలు, గ్రైండర్లు, ఫ్రిజ్‌ల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి దించింది ఎందుకు? కొనుక్కోండయ్యా అని కాదూ? బాగుచేయించుకొమ్మని ఎవరైనా చెప్పారా?

ఆయన నేరాలు ఇంతటితో ఆగలేదు. మిక్సీ అడుగున ఎర్ర బొత్తాం ఒకటి ఉంటుంది. లోడు ఎక్కువైతే అది మోటారును ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి నొక్కితే మళ్ళీ మామూలే. ఈ రహస్యాన్ని ఆయన మా వీధిలో ఇంటింటికీ చెప్పేశాడు, అదీ ఉచితంగా. కప్లరు అరగడం జబ్బు కాదనీ, జారు బిగుసుకున్నప్పుడు మోటారు బదులు తాను పోవడానికే దాన్ని మెత్తగా చేశారనీ చెప్పాడు. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగమన్నాడు. సులువుగా వచ్చేస్తే రబ్బరు వదులైనట్టట, కంప్రెసర్ సంగతి తర్వాత చూడొచ్చట. ఇలా జనానికి తెలివి పంచేవాళ్ళను ఊరికే వదిలేస్తే రేపు వాళ్ళు వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాలు కూడా చదువుతారు.

చదవకూడదు. నేను చదివాను కాబట్టి చెబుతున్నాను. మా ఫ్రిజ్ నుదుటి మీద కంప్రెసర్‌కు పదేళ్ళ వారంటీ అని బంగారు రంగు స్టిక్కరు ఉంది. మిగతా ఒంటికంతటికీ ఏడాదే. మా ఇంట్లో ఇంతవరకు కంప్రెసర్ జోలికి ఏ జబ్బూ రాలేదు. పోయేవి తలుపు రబ్బరు, థర్మోస్టాట్, బోర్డు. శాశ్వతంగా ఉండేదానికి గ్యారంటీ ఇచ్చి, పోయేదాన్ని దేవుడికి వదిలేయడం మన వేదాంతానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది. ఆత్మకు పదేళ్ళు, శరీరానికి ఏడాది.

ఇండక్షన్ స్టవ్ కథ ఇంకా గొప్పది. ఏడాది నిండకుండానే ఆగింది. బోర్డు మీద బల్లి పడి షార్టయిందట. పురుగూ పుట్రా చేసిన నష్టానికి వారంటీ వర్తించదన్నారు. పంచాంగంలో బల్లి పాటు ఫలితాలు వెతికాను. తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే ఒకటి, అన్నీ ఉన్నాయి. సర్క్యూట్ బోర్డు మీద పడితే ఏమిటో మాత్రం లేదు. ధననష్టం అని వచ్చే ఉగాదికైనా చేర్చాలని సిద్ధాంతులకు నా విన్నపం. ఆ స్టవ్‌ను కూడా వేపచెట్టాయనే ఒక ఫ్యూజు మార్చి, బల్లికి అంత్యక్రియలు చేసి, వెలిగించాడు.

విచారకరమైన విషయం, ప్రభుత్వం కూడా ఇలాంటివాళ్ళ పక్షాన్నే నిలుస్తోంది. 2022 డిసెంబరు 24న, వినియోగదారుల దినోత్సవం నాడు, రిపేరు చేయించుకోవడం జనం హక్కంటూ కేంద్రం పోర్టల్ ఒకటి తెరిచింది. 1915 అనే హెల్ప్‌లైన్ పెట్టింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉంటున్న ఊళ్ళోనే కేసు వేయొచ్చు. కొన్న వస్తువు ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. మా మిక్సీ 5 లక్షల లోపే. అమ్మకు ఈ సంగతి చెప్పకుండా జాగ్రత్తపడుతున్నాను.

ఆమెది అసలు పాత రోగం. మా అమ్మమ్మ ఊళ్ళో చిల్లుపడిన బిందెకు మాటు వేయించేవాళ్ళు, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించేవాళ్ళు, రోలు నున్నబడితే వీధిలో కేకేసుకుంటూ వచ్చే మనిషిని పిలిచి కక్కు కొట్టించేవాళ్ళు. ఆ రోలు ఇప్పటికీ పెరట్లో ఉంది, వాన నీళ్ళు నిండితే పిచ్చుకలు తాగుతాయి. రోళ్ళు చేసే కంపెనీ ఒక్కటీ స్టాక్ మార్కెట్‌లో ఎందుకు లేదో ఇప్పటికైనా గ్రహించండి.

కాబట్టి ఆ షాపును మూయించాల్సిందే. అయితే వెంటనే అని పైన రాసిన మాటను కొంచెం సవరిస్తున్నాను. మా కుక్కర్ పిడి, గ్రైండర్ బెల్టు ప్రస్తుతం ఆయన దగ్గరున్నాయి. శనివారం ఇస్తానన్నాడు. ఏ శనివారం అని అడిగితే నవ్వాడు.