‘మేడ్ ఇన్ ఇండియా’ స్టిక్కరు గారికి

మహారాజశ్రీ ‘మేడ్ ఇన్ ఇండియా’ స్టిక్కరు గారి సముఖమునకు, హైదరాబాదు మూసాపేట వాస్తవ్యుడు, తమరి ఖాతాదారుడు నమస్కరించి వ్రాయు లేఖార్థములు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. ముందుగదిలోని ఫ్యాను ఒక్కటే కాలం చేసింది.

దాని అట్టపెట్టె ఇంకా మా అటక మీదే ఉంది కనుక తమరు కూడా అక్కడే, మూడు రంగుల అంచుతో, ఏమాత్రం వన్నె తగ్గకుండా వెలుగుతున్నారు. పద్నాలుగు నెలల క్రితం దుకాణంలో ఆరు పెట్టెలు వరసగా పేర్చి ఉంటే, తమరి ముఖం చూసే ఆ పెట్టెను ఎంచుకున్నాను. పక్కదానికంటే ఎనిమిది వందలు ఎక్కువైనా, ‘పోనీలే, మనవాళ్ళకే కదా వెళ్తుంది’ అని మా ఆవిడతో గొప్పగా అన్నాను. ఆవిడ ఆ మాట మరచిపోలేదు. నలభై ఒక్క రోజులుగా విసనకర్ర ఊపుకుంటూ పూటకొకసారి నాకు అప్పజెబుతోంది.

ఆ నలభై ఒక్క రోజుల లెక్క తమరికి మనవి చేసుకోవాలి. అది రిమోటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మోటారును తిప్పుతూ కరెంటు ఆదా చేసే రకం. ఒకనాటి మిట్టమధ్యాహ్నం రెండుసార్లు కీచుమని ఆగిపోయింది. కంపెనీవారికి ఫోను చేస్తే, మోటారుకు అయిదేళ్ళ పూచీ ఉన్నదనీ, పోయినది మోటారు కాదు లోపలి బోర్డు అనీ, బోర్డుకు పూచీ ఏడాదేననీ, అయినా ఏడు రోజుల్లో దానిని డబ్బిచ్చి కొనుక్కునే అవకాశం కల్పిస్తామనీ ఎంతో మర్యాదగా సెలవిచ్చారు. ఏడు పద్నాలుగైంది, పద్నాలుగు ఇరవై ఎనిమిదైంది. మొన్న అడిగితే ‘సరుకు పైనుంచి రావాలి సార్’ అన్నారు. పైనుంచి అంటే వరుణదేవుడి దగ్గరనుంచా అని నేను అడగలేదు. వాన సంగతైతే కనీసం వాతావరణ శాఖవారు ఏదో ఒక తేదీ చెబుతారు.

నిన్న సెలవు పెట్టి, మా ఎలక్ట్రీషియన్ విప్పి ఇచ్చిన బోర్డును చేతిసంచీలో వేసుకొని బయల్దేరాను. రాణిగంజ్‌లో దొరకని సామాను ఉండదని మా నాన్న తరం నమ్మకం. అక్కడ నాలుగు దుకాణాలు ఎక్కి దిగాను. ముగ్గురు బోర్డును చేతిలోకైనా తీసుకోలేదు. నాలుగో ఆయన జాలిపడి అటూ ఇటూ తిప్పి చూసి, ‘కంటైనర్ వస్తే చూద్దాం సార్, అయినా దీనికోసం ఎందుకు తిరుగుతరు, కొత్తది తీస్కోండి’ అన్నాడు. అక్కడినుంచి మెట్రో ఎక్కి సుల్తాన్‌బజార్‌లో దిగాను. ఆ మెట్రో పెట్టెలు కూడా దక్షిణ కొరియాలో తయారై ఓడలో వచ్చినవే, అయితే అవి నడుస్తున్నాయి కనుక వాటితో నాకు తగవు లేదు.

కోఠి గుజరాతీ గల్లీలో ఒక మేడమెట్ల కింద కూర్చొని బోర్డులు బాగుచేసే పెద్దమనిషి ఉన్నాడు. ఆయన కంటికి భూతద్దం తగిలించుకొని, మైనంలా గట్టిపడిన పూతను సన్నటి కత్తితో అరగంటసేపు ఓపికగా గీకి, చివరకు ఒక నల్లటి చిప్పును బయటపెట్టాడు. చూసి, నా వైపు తిప్పి చూపించాడు. ‘ఐసీ మీద నంబరు గీకేసిండ్రు సార్. పేరు తెల్వనిదానికి ఏం మందు వెయ్యాలె?’

నిజమే. గోరంత చిప్పు మీద నంబరు ఉండవలసిన చోట అడ్డంగా, బూడిదరంగులో, అరగదీసిన మచ్చ ఉంది. పొరపాటున గీసుకుపోయినది కాదు, పనిగట్టుకొని చెరిపినది. వస్తువు చెడిపోవడాన్ని నేను క్షమించగలను. ఫ్యాను అన్నాక ఆగుతుంది, మనిషి అన్నాక కూడా ఆగుతాడు. కానీ ఎవరో ఎక్కడో ఒక బల్ల దగ్గర కూర్చొని, రేపు దీనిని ఎవడైనా విప్పి చూస్తే వాడికి ఏమీ అర్థం కాకూడదు అనే ఒకే ఒక్క ఉద్దేశంతో ఆ నంబరును అరగదీశాడే, ఆ మచ్చ నిన్న రాత్రంతా నా కళ్ళముందు కదిలింది. ఆ పేరు చెరిపిన వస్తువు పెట్టె మీదే తమరి పేరు ఇంత పెద్ద అక్షరాలతో ఉంది.

తమరికి తెలియనిది కాదు, మా పడకగదిలో 1986 నాటి ఫ్యాను ఒకటి ఉండేది. దాని కడుపులో ఉండేది రాగితీగ చుట్ట, ఒక కెపాసిటరు, రెండు బేరింగులు, అంతే. బేరింగు అంచున 6202 అని చెక్కి ఉండేది, కెపాసిటరు మీద 2.5 మైక్రోఫారడ్ అని అచ్చు వేసి ఉండేది. ఆ అంకె కాగితం మీద రాసుకొని వెళ్తే ఎర్రగడ్డలోనే కాదు, ఏ మండల కేంద్రంలోనైనా ఇచ్చేవారు. చుట్ట కాలిపోతే వైండింగ్ చేసే అతను తీగ బరువు తూచి మళ్ళీ చుట్టేవాడు. నంబరు ఉన్నంతకాలం వస్తువు మనదే అనిపించేది, తయారుచేసిన కంపెనీ ఉన్నా మూతపడినా.

తమరి అర్హతలేమిటో తెలుసుకుందామని కొంచెం చదివాను కూడా. ప్రభుత్వ కొనుగోళ్ళలో స్వదేశీ సరుకుకు పెద్దపీట వేయాలని 2017లో వచ్చిన ఉత్తర్వును తర్వాత సవరించి, సరఫరాదారులకు తరగతులు పెట్టారు. వస్తువు విలువలో 50 శాతం ఇక్కడిదైతే ఒకటో తరగతి, 20 శాతం దాటితే రెండో తరగతి. మా చిన్నప్పుడు పదో తరగతి గట్టెక్కడానికి 35 మార్కులు కావలసివచ్చేవి. 20 వచ్చినవాడికి సెకండ్ క్లాసు ఇచ్చే బడి ఉందని తెలిస్తే మా నాన్న నన్ను అక్కడే చేర్పించేవాడు.

మా నాన్న ఆల్విన్‌లో ఫిట్టరు. మూసాపేట నుంచి సనత్‌నగర్‌కు సైకిల్ మీద వెళ్ళేవాడు. నిజాం కాలంలో, 1942లో మొదలైన ఆ కంపెనీ బస్సులకు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, చేతి గడియారాలు కూడా చేసింది. 1990ల్లో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్ళింది, మిగతాది చరిత్రలోకి వెళ్ళింది. మా ఇంట్లో ఆ ఫ్రిజ్ ఇంకా ఉంది. చల్లబరచడం మానేసి పదిహేనేళ్ళయినా దాని తలుపు ఇప్పటికీ ‘ధప్’మని నిండుగా పడుతుంది కనుక మా ఆవిడ అందులో పప్పులు దాచుకుంటోంది. ఇక ఊరి సంగతి చెప్పాలా? ఆల్విన్ చౌరస్తా, ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ హిల్స్, డీబీఆర్ మిల్స్ అని జనం ఎక్కుతూ దిగుతూ ఉంటారు. ఈ నగరంలో ఫ్యాక్టరీలన్నీ పదోన్నతి పొంది బస్టాపులయ్యాయి. బేరింగుల మాట ఎత్తాను కనుక చెబుతున్నాను, ఇక్కడి హెచ్‌ఎంటీ బేరింగ్స్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది, హెచ్‌ఎంటీ గడియారాల సంస్థ మూసివేతకు తెలిపిన రోజే.

ఐడీపీఎల్ పేరు వచ్చింది కాబట్టి మరొక్క మాట. సోవియట్ సాయంతో బాలానగర్‌లో వెలసిన ఆ ప్రభుత్వ మందుల కర్మాగారంలో పని నేర్చినవారే తర్వాత ఈ ఊరిని మందుల రాజధానిని చేశారు. ఇవాళ అదే ఊళ్ళో మాత్ర మనది, పొట్లం మనది. దేశం దిగుమతి చేసుకునే ముడి మందుల్లో సుమారు మూడింట రెండు వంతులు, అంతకు పైనే, చైనావి. దీపావళి సీరియల్ బల్బులు, బేగంబజార్ బొమ్మలు వగైరాల గురించి తమరితో వాదించి నా నోరు నొప్పి పెట్టుకోను.

చైనావారి మీద నాకు కోపం లేదు. వాళ్ళు షెడ్డు కట్టి యంత్రం పెట్టారు, మనం షెడ్డు కట్టి అద్దెకిచ్చాం. అలంకారంగా చెప్పడం లేదు. మా బావమరిది బాలానగర్‌లో ప్లాస్టిక్ వస్తువులను పోతపోసే డైలు, అంటే ఉక్కు అచ్చులు, చేసేవాడు. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా చేత్తో తడిమి చెప్పగల మనిషి. ఒక డై చేసివ్వడానికి అతనికి రెండు నెలలు పట్టేది, బిల్లు చేతికి రావడానికి ఎనిమిది నెలలు పట్టేది. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం ఉన్నది కదా అని నేనంటే, ‘బావా, నోటీసు పంపితే డబ్బు వస్తుంది, ఆర్డరు రాదు’ అన్నాడు. అదే డై ఓడ మీద నలభై రోజుల్లో, అతని ఖర్చుకంటే తక్కువకు దిగింది. చివరకు లేతు మిషన్ను కిలోల లెక్కన పాత ఇనుముకు అమ్మేశాడు. ఆ షెడ్డు ఇప్పుడు గోడౌను. అద్దె ఒకటో తేదీన వస్తుంది. అందులో ఏం సరుకు దించుతారో తమరికి చెప్పనక్కరలేదు, ఆ పెట్టెల మీద తమరే ఉంటారు.

ఇంతవరకు ‘తమరు’ అన్నాను. ఇక నావల్ల కాదు.

నువ్వు చెప్పేది అబద్ధం కూడా కాదు, అందుకే నీమీద ఇంత మంట. ఎక్కడో ఒక పారిశ్రామికవాడలో ఒక అమ్మాయి పన్నెండు గంటలు నిలబడి ఆ ఫ్యానుకు స్క్రూలు బిగించే ఉంటుంది. రెక్కల రేకు కూడా ఇక్కడిదే అయి ఉంటుంది. కానీ ఆ బోర్డు ఆమె చేతికి మూసిన పొట్లంలా వచ్చింది, మూసిన పొట్లంలాగే నా ఇంటికి చేరింది. అందులో ఏముందో ఆమెకు తెలియదు, ఆమెతో పని చేయించినవాడికి తెలియదు, అమ్మినవాడికి తెలియదు, ముప్పై ఏళ్ళుగా అదే విద్య మీద బతుకుతున్న కోఠి పెద్దమనిషికి తెలియనివ్వలేదు. 2025 ఏప్రిల్‌లో మోటార్లలో వాడే కొన్ని అయస్కాంతాల ఎగుమతికి చైనా అనుమతి తప్పనిసరి అనగానే మన కార్ల కంపెనీలే గిలగిల్లాడాయి. గొళ్ళెం అవతలి పక్కన ఉన్న తలుపుకు నువ్వు గుమ్మం తోరణానివి. దేశ ఉత్పత్తిలో కర్మాగారాల వాటాను 2022 నాటికి 25 శాతం చేస్తామని 2011లో రాసుకున్నాం. అది పదహారు పదిహేడు దగ్గరే చతికిలబడింది, నీ అచ్చు మాత్రం ఏటికేడు పెద్దదవుతోంది.

ఆ ఫ్యాను తిరిగినన్నాళ్ళు బాగా తిరిగిందని ఒప్పుకుంటున్నాను. పాతది 75 వాట్లు తాగితే ఇది ముప్పై చిల్లరతో సరిపెట్టుకుంది. మొదటి రెండు నెలల కరెంటు బిల్లు చూసి నీ ముఖాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది కూడా. అలాంటి వస్తువును మనం చేయలేమని కాదు, చేసే చేతులు బాలానగర్‌లో ఉన్నాయని నాకు తెలుసు కాబట్టే ఈ గోల.

ఇట్లు,
నంబరు లేని చిప్పును కాగితంలో చుట్టి దాచుకున్నవాడు.

తా.క.: పాత ఫ్యానును అటక దించి ఎర్రగడ్డ తీసుకెళ్ళాను. వైండింగ్ అతను ఒకసారి రెక్క తిప్పి, చుట్ట బాగానే ఉంది, కెపాసిటరు మారిస్తే చాలన్నాడు. అరవై రూపాయలు. ఇప్పుడు గురగురమంటూ తిరుగుతోంది. అతని వయసు అరవై దాటింది, కొడుకు ఈ పని నేర్చుకోనని చెప్పి బండి మీద పార్సిళ్ళు అందించే పనిలో చేరాడట. అది విన్నాక వెనక్కి వెళ్ళి ఇంకో నాలుగు కెపాసిటర్లు కొన్నాను.