మీవాడు డి ఆంజాలోనా? అయ్యో!

మొన్న శనివారం ఇక్కడ కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒకరింట్లో సీమంతం. పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడితే, తెలిసినావిడ పలకరించారు. "మీ బాబు ఏ యూనివర్సిటీలో చేరాడండీ?" అన్నారు. "డి ఆంజా" అన్నాను. అది కమ్యూనిటీ కాలేజీ, అంటే రెండేళ్ళు చదివి ఆ తర్వాత యూనివర్సిటీకి మారే కాలేజీ. ఆవిడ మొహం ఒక్కసారిగా మారిపోయింది. "ఫర్లేదులెండి, రెండేళ్ళయ్యాక మారిపోవచ్చుగా" అంటూ నా భుజం తట్టారు. పరామర్శకొచ్చినట్టు! అప్పట్నుంచి కడుపులో మరుగుతున్నదంతా ఇక్కడ కక్కేస్తున్నా. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ఈ జబ్బు మనతో పాటే విమానమెక్కి వచ్చింది. ఐఐటీ, ఎన్ఐటీ, తర్వాత యూనివర్సిటీ క్యాంపస్, ఆ తర్వాత ఊరిబయట ఇంజినీరింగ్ కాలేజీ, ఎక్కడా సీటు రానివాళ్ళకి డిగ్రీ. ఎంసెట్‌లో ర్యాంకు రాక నేను గుంటూరులో బీఎస్సీలో చేరితే మా అమ్మ భుజం కూడా ఎవరో ఇలాగే తట్టారు. ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా ఆ మెట్లు మన బుర్రలో అలాగే ఉన్నాయి, పేర్లు మారాయంతే.

సరే, లెక్కలోకి వద్దాం. డి ఆంజాలో కాలిఫోర్నియా వాసులకి యూనిట్‌కి (మన క్రెడిట్ లాంటిది) 31 డాలర్లు. యూసీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి, ట్రాన్స్‌ఫర్ కావాలంటే 90 క్వార్టర్ (అక్కడి టర్మ్) యూనిట్లు. అంటే రెండేళ్ళకి 2,790 డాలర్లు, పైన చిల్లర ఫీజులు కొన్ని. మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్‌టైమ్ చదివేవాళ్ళకి ఈ ఫీజు కూడా రెండేళ్ళు మాఫీ చేసే పథకం ఉంది. అదే యూసీలో మొదటి ఏడాది నుంచీ చదివితే ఫీజే ఏడాదికి 15 వేలకి అటూ ఇటూ, హాస్టలూ తిండీ కలిపితే 40 వేలు దాటుతుంది. చివరికి చేతికొచ్చే డిగ్రీ మాత్రం ఒకటే. మొదటి రెండేళ్ళు ఎక్కడ చదివాడో దాని మీద ఎవరూ రాయరు. కాస్ట్‌కోలో నాలుగు డాలర్లు తగ్గిందని వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టే మనం, ఇది చెప్పుకోవడానికి ఎందుకు నామోషీ పడతాం?

(విజయవాడ నుంచి ఫోన్లు చేసే చుట్టాలకు మనవి: ఇది ఇక్కడివాళ్ళ లెక్క. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చే పిల్లలకి ఫీజు దీనికి ఎన్నో రెట్లు. చవకని విని పంపించేయకండి.)

పోనీ అదేమైనా నిన్నగాక మొన్న పెట్టిన కాలేజీనా? 1967 నుంచి కూపర్టినోలో ఉంది. ఆపిల్ పెట్టినవాళ్ళలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ కొన్నాళ్ళు అక్కడే చదివాడు. 1984 జనవరిలో స్టీవ్ జాబ్స్ మొదటి మెకింతోష్ కంప్యూటర్‌ని జనానికి చూపించింది ఆ కాలేజీ ఆవరణలోని ఫ్లింట్ సెంటర్‌లోనే. ఇప్పుడా హాలు మూతపడిందనుకోండి. కొవిడ్‌కి ముందు నెలకో శనివారం పార్కింగ్ లాట్‌లో సంత జరిగేది. మా ఇంట్లో ఇప్పటికీ వాడుతున్న ఇత్తడి కుంది అక్కడ బేరమాడి కొన్నదే.

అన్నీ బాగున్నాయని నేననను. క్యాంపస్‌లో హాస్టల్ లేదు. క్లాసు అవగానే ఎవరి కారు వాళ్ళు ఎక్కి పోతారు, స్నేహాలు కుదరడానికి టైం పడుతుంది. క్వార్టర్ అంటే పన్నెండు వారాలు. మూడో వారానికే మిడ్‌టర్మ్ టెన్షన్ మొదలు. ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ కూడా ఆరు యూసీ క్యాంపస్‌ల్లోనే, అదీ అడిగిన గ్రేడ్లూ కోర్సులూ ఉంటేనే. బర్కిలీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో ఆ జాబితాలో లేవు. కానీ క్లాసులో మావాడికి ఒక పక్క సైన్యం నుంచి వచ్చినాయన, ఇంకో పక్క ఇద్దరు పిల్లల తల్లి. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే లెక్కల క్లాసుకొచ్చే ఆవిణ్ణి చూశాక వాడు నన్ను "లేపలేదేంటమ్మా" అనడం మానేశాడు.

అసలు నాకు మండేది ఎక్కడంటే, ఆ కాలేజీలో ఖర్చు ఫీజుది కాదు, ఈ ఊళ్ళో ఉండటానిది. ఇక్కడ ఒక్క గది అద్దె కూడా రెండేళ్ళ ఫీజుని కొన్ని నెలల్లోనే మింగేస్తుంది. ఆ ఖర్చు మావాడికి లేదు, మా ఇంట్లోనే పడుకుంటాడు కాబట్టి. ఇలాంటి చోట ఇల్లున్న మనమే ఆ కాలేజీని చిన్నచూపు చూస్తాం. ఇల్లు లేనివాళ్ళు అందులో చదవడానికి నానా అగచాట్లూ పడతారు. 2019లో పాలో ఆల్టో వైపు ఎమ్మెల్యే లాంటాయన, మార్క్ బర్మన్, కమ్యూనిటీ కాలేజీల పార్కింగ్ లాట్లలో ఇల్లు లేని విద్యార్థులు రాత్రిళ్ళు కార్లలో పడుకోనివ్వాలని బిల్లు పెట్టాడు. ఏబీ 302 దాని పేరు. అది చట్టం కాలేదు. అయ్యుంటే సంతోషించాలా అన్నది వేరే సంగతి. అలాంటి బిల్లు ఒకటి రాయాల్సి వచ్చింది, అదీ ఆపిల్ ఆఫీసులున్న చోట!

మావాడి స్నేహితుడొకడు ట్రేసీ అనే దూరపు ఊరి నుంచి వస్తాడు. ట్రాఫిక్ తప్పించుకోవడానికి తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి, కారు సీటు వెనక్కి వాల్చుకుని క్లాసు దాకా పడుకుంటాడట. సంగతి తెలిశాక మంగళవారం మావాడితో ఆరు ఇడ్లీలు, కాస్త కారప్పొడి పంపించాను. డబ్బా ఇంకా తిరిగి రాలేదు. రేపు ఇంకో డబ్బా వెతకాలి.